పటం వెనక కార్డులు

కామాఠిపుర, బొంబాయి
ఆగస్టు 1984

చెల్లె నర్సమ్మకు,

ఈ ఉత్తరం అందగానే మీ మణెమ్మ చేత శుక్రవారం ఉపవాసాలు మాన్పించు. దేవికి కోపమొస్తే నా మీదికే రానీ.

పోయినసారి నేనే గొప్పగా రాశాను. మా యశోద పద్నాలుగేళ్లకే శుక్రవారం అన్నం ముట్టదు, పులుపు ముట్టదు, నీ బిడ్డకూ నేర్పు అని. మా చాల్‌లో, ఈ వరస గదుల్లో ఉండే ఆడవాళ్లు దానికి బొట్టు పెట్టి కాళ్లు మొక్కుతుంటే పొంగిపోయాను. మిగతా రోజులు కూడా తినడం మానేస్తే అదీ భక్తే అనుకున్నాను.

మొన్న నల్లా దగ్గర బిందెతో సహా పడిపోయింది. దవాఖానలో చేర్పించి, మొక్కుకుందామని ఇంటికొచ్చి దేవి పటం దించాను. దాని వెనక రైలు స్టేషన్‌లో బరువు చూసే మిషన్ కార్డులు దాచి ఉన్నాయి. వారానికి రెండు. పేర్లు రాసి ఉన్నాయి: ఒకటి దానిది, ఒకటి పక్క గదిలో ఉండే దాని స్నేహితురాలు సుమన్‌ది.

గట్టిగా అడిగితే సుమన్ ఏడ్చింది. "గుడికని చెప్పి టేషన్‌కు పోతుంటిమి మౌసీ. ఇస్కూల్ల పోరిలు యశోదను బర్రె అని నవ్వుతుండ్రి. నాకన్న తక్కువ తూగాలె అని పంతం వట్టింది."

గుండె బలహీనపడిందని డాక్టర్ అన్నాడు. ముక్కులో గొట్టం పెట్టారు. నిన్న కళ్లు తెరిస్తే, గంజి తాగుతావా బిడ్డా అన్నాను.

"సుమన్ గిప్పుడెంతున్నదే?" అని అడిగింది.

నేను రాసిన ఆ పాత ఉత్తరాన్ని మణెమ్మ దాచుకుందన్నావు కదా. అది వెతికి పొయ్యిలో పెట్టు.

నీ అక్క