గీత దగ్గర ఖాళీ

చిరంజీవి శివనాగరాజుకి వదిన దీవెనలు.

మిర్చి యార్డు సెంటర్లో సిగ్నల్ కెమెరా తీయించాలని అర్జీ రాయించావట, అందులో నా సంతకం కూడా కావాలన్నావట. నీ కోపం నాకు తెలుసు. కెమెరాకి భయపడి మీ అన్నయ్య పసుపు లైటుకే బ్రేకు వేశారు. వెనక వస్తున్న మిర్చి బస్తాల లారీ ఆగలేకపోయింది. ఆ కెమెరా లేకపోతే బతికుండేవారని నేనూ ఏడ్చాను.

ఆయన పోయాక మొన్న పొద్దున మొదటిసారి మోపెడ్ మీద అటు వెళ్లాను. రెడ్ లైటు పడింది. బళ్లన్నీ ఆగాయి గానీ, గీత దగ్గర ఒక్క బండి పట్టేంత చోటు వదిలేసి ఆగాయి. ఆయన ఆగింది సరిగ్గా అక్కడే. నేను ఆ ఖాళీ వెనక ఆగాను. గ్రీన్ పడినా ఎవరూ కదల్లేదు, ఒక్కరూ హారన్ కొట్టలేదు.

పక్కనున్న ఆటో అతన్ని, "ఏమయ్యా, వెళ్లరేం?" అని అడిగాను.

"ముందాయన్ని కదలనీయండమ్మా," అన్నాడు మెల్లగా.

నా ముందు ఎవరూ లేరు.

నేను సంతకం పెట్టను నాగరాజూ. కెమెరా తీసేస్తే అక్కడ ఇంకెవరూ ఆగరు. అందరూ ఆయన మీదుగానే వెళ్లిపోతారు.

మీ వదిన