వాన గడిలో సున్నా

2004 ఆగస్టు, మంగళవారం

బెళుగుప్పలో రోజూ వాన ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చూసి, నేను చేసిన వెబ్ పేజీలో ఎక్కించే ఓబులేసన్న ఇవాళ ఫోన్ చేశాడు.

"ఏమప్పా, నీ పేజీ సున్నా కొడితే తీసుకోదు. వాన ఎంతో నింపమంటాది. పడితే కదా నింపేది?"

"మరి నెలంతా ఏం కొట్టినావన్నా?"

"ఒకటి కొట్టినా. పంపకపోతే పైనోళ్లు ఊరుకోరు కదా. సాయంత్రానికి ఒకటన్నా పడకపోతాదా అనుకుంటి."

తప్పు నాదే. గడి ఖాళీగా వదిలేస్తే ఆపడానికి empty($vana) అని రాశాను. అది సున్నాను కూడా ఖాళీగానే లెక్కిస్తుంది. గడి నిజంగా ఖాళీగా ఉంటేనే ఆపేలా $vana === '' అని మార్చాను. మార్చింది ఒక్క వరసే. ఈ కరువు జిల్లాలోనే పుట్టి పెరిగినవాణ్ణి, వాన గడిలో సున్నా వస్తుందని నాకెందుకు తోచలేదు?

అక్కడ వేరుశనగ ఎండిపోతోంది. నా పేజీలో మాత్రం రోజూ వానే. కరువు మండలాల జాబితా ఈ అంకెలు చూసే రాస్తారు. ఓబులేసన్న కొట్టిన ఒకట్లన్నీ సున్నాలు చేశాను. చెరుపుతున్నంతసేపూ 'ఒకటన్నా పడకపోతాదా' అన్న ఆయన మాటే గుర్తొచ్చింది.

తర్వాత తనకల్లు మండలం లెక్కలు తెరిచాను. అక్కడా వరసగా ఒకట్లే. వాటిలో నిజంగా పడిన వాన ఏదో...