నడుస్తుందన్న మాట

రాజమణి వదినకు, యాకుత్‌పురా నుంచి స్వరూప వందనాలు.

ఫోన్ చేస్తే నీ తమ్ముడు లాక్కుని "మంచిగున్న అక్కా" అంటాడు. అందుకే ఈ కార్డు. మొన్న వికలాంగుల పింఛను సర్టిఫికెట్ కోసం నేనూ పక్కింటాయనా మోసుకెళ్లి ఆయనను డాక్టరు ముందు కూర్చోబెట్టాం. డాక్టరు తల కూడా ఎత్తకుండా "ఎట్లుంది డానియేలూ?" అన్నాడు. ఈ మహానుభావుడు నవ్వుతూ "దేవుని దయతోని నడుస్తుంది సార్" అన్నాడు. బతుకు నడుస్తుందన్నాడు వదినా, కాళ్లు కాదు! ఆ డాక్టరు మాత్రం 'నడవగలడు' అని రాసేశాడు. "పరంజా మీదికెల్లి పడ్డడు సార్, గోడ పట్టుకున్నా నాలుగడుగులు వెయ్యడు" అని నేను లొల్లి చేస్తే, "ఆయనే చెప్పిండు గదమ్మా, కాగితాలుంటే తీస్కరా" అన్నాడు. వైకల్యం నలభై శాతం ఉంటేనే పింఛను, ఈయనకు ముప్పై వేశాడు. ఇంటికొచ్చి తిడితే ఈయన "మర్యాదకు అన్న, ఏందే గా లొల్లి" అంటున్నాడు. మర్యాద వచ్చి మెట్లెక్కిస్తుందా?

భువనగిరి ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రేలు నీ ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి, వెంటనే రిజిస్టర్ పోస్టులో పంపు. అక్కడి డాక్టరుతో చీటీ కూడా రాయించు. రోగం పేరొక్కటే చాలదు. మెట్లెక్కలేడు, ఒక్కడే స్నానం చేయలేడు, ఇవన్నీ రాయాలి.

బేబీకి జ్వరం తగ్గిందా? చింతపండు కొట్టారా? పిల్లలకు ముద్దులు.

"మీ అక్కకు ఏం రాయాలి?" అని అడిగితే "నడుస్తుందని రాయి" అంటున్నాడు. నేను రాయను.

స్వరూప