చిన్నమ్మ ఇంట్లో రొట్టె చప్పుడు

జూన్ 11, 2025, బుధవారం. వియన్నా

ఫ్రిజ్‌లో మైదా రొట్టెల ప్యాకెట్! అదీ హెప్సిబా చిన్నమ్మ ఇంట్లో! ట్రైన్ దిగి వచ్చి, చల్లటి నీళ్ల కోసం తలుపు తీస్తే మొదట కనబడింది అదే. ఎనిమిది రొట్టెలు, అన్నీ ఒకే గుండ్రం, అట్టముక్కల్లా.

ప్రాగ్‌లో విద్యార్థుల అనువాద శిబిరం నిన్నటితో అయిపోయింది. వనపర్తి కాలేజీ నుంచి నేనొక్కదాన్నే వచ్చాను. తిరుగు విమానం సోమవారం సాయంత్రం, ఇక్కడి నుంచే. అంతవరకు చిన్నమ్మ దగ్గర రెస్ట్. ఆ మాట మొదట అమ్మ అన్నది. ఇక్కడ చిన్నమ్మ దాన్ని చట్టం చేసేసింది.

అమ్మ తిమ్మాజిపేటలో పట్టించి ఇచ్చిన జొన్నపిండి నాలుగు కిలోలు. ప్రాగ్ అంతా మోశాను. చిన్నమ్మ కవరు విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, చాలాసేపు అట్లాగే నిలబడింది. మళ్లీ మూతి కట్టి అల్మారా పైన పెట్టేసింది. రాత్రికి రొట్టెలు చేద్దామా అన్నాను. వద్దు బిడ్డా, ఇంత దూరం వచ్చినవు, జర పండుకో అంది.

పండుకోవడానికి నేనేమన్నా బాలింతనా?

జూన్ 12, గురువారం

లేచేసరికి పది. ఎవరూ లేపలేదు. గిన్నె కడగబోతే చిన్నాయన యేసుబాబు చేతిలోంచి లాక్కున్నాడు. నిన్ను పనికి పెడితే మీ అమ్మ ఫోన్ల నన్ను కడుగుతది అన్నాడు.

మధ్యాహ్నం దాన్యూబ్ ఒడ్డున బెంచీ మీద కూచోబెట్టారు. ఒప్పుకుంటాను, బాగుంది. చెప్పులు విప్పి కాళ్లు చాపాను. చిన్నమ్మకే నచ్చలేదు. బీచుపల్లి కాడ కృష్ణను చూసిన కండ్లకు ఇదేం నది నిరోషా, కాలువ లెక్క ఉంది అంది. కూలికి పోయి నువ్వు తవ్విన కాలువే ఇంతకన్న పెద్దగుంటుండె అన్నాడు చిన్నాయన. ఇద్దరూ నవ్వారు.

ఆ నవ్వులో నేనూ నోరు జారాను. నీకు పదేళ్లప్పుడే అమ్మమ్మ పక్కన కూచుని, కాలువ పని కాడ నలభై మందికి రొట్టెలు కొట్టినదానివి, ఇప్పుడు ప్యాకెట్ రొట్టెలేంది చిన్నమ్మా అన్నాను. నవ్వు ఆగిపోయింది. చిన్నమ్మ లేచి ఇంటి దారి పట్టింది.

సంగతి చిన్నాయన చెప్పాడు. ఏడేళ్ల కింద, ఈ ఇంట్లో దిగిన కొత్తలో, చిన్నమ్మ వృద్ధాశ్రమంలో నర్సుగా పొద్దుటి డ్యూటీకి ఐదున్నరకే పోవాలి. నాలుగున్నరకు లేచి రొట్టెలు కొట్టేది. పది రోజులు గడిచాయి. కిందింటావిడ ఒక ఉత్తరం రాసి తలుపు కింద నుంచి తోసింది. చప్పుడు చేస్తే ఇల్లు ఖాళీ చేయాలని అందులో ఉందట. ఈ ఇల్లు దొరకడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ రోజుతో రొట్టె బంద్.

ఎంత ధైర్యం! పైవాళ్లు కుర్చీలు ఈడుస్తారు. ఎదురింటి కుక్క మొరుగుతూనే ఉంటుంది. వాటికి ఉత్తరాలు లేవు. అరచేయి పిండి మీద పడితే మాత్రం చప్పుడు! పుట్టిన దగ్గర నుంచి నేను ఆ చప్పుడుకే నిద్ర లేస్తున్నాను. దాన్ని నోరు మూసుకోమనడానికి ఆమె ఎవరు?

జూన్ 13, శుక్రవారం

మెట్ల మీద కిందింటావిడ ఎదురై ఏదో పలకరించింది. నేను ముఖం తిప్పుకున్నాను, చిన్నమ్మ తల దించుకుని గోడకు అతుక్కుని దిగిపోయింది.

జూన్ 14, శనివారం, మధ్యాహ్నం

ఆమెకు జవాబు రాయాలని పొద్దున్నే నిశ్చయించుకున్నాను. నాకొచ్చిన కాస్త జర్మన్‌లోనే. నలభై మంది సంగతితో మొదలుపెట్టి, కుక్క సంగతితో ముగించాలి. చిన్నమ్మ డ్యూటీకి పోయింది. పాత ఉత్తరం ఇస్తే వాక్యం వాక్యానికీ బదులిస్తానని చిన్నాయన వెంట పడ్డాను. వదిలేయ్ బిడ్డా, రెస్ట్ తీసుకో అన్నాడు. రెస్ట్ అనే మాట ఇంకోసారి వింటే అరుస్తానన్నాను. మంచం కింది ఫైలు తీసి ఇచ్చాడు.

చేతిరాత. ప్రాగ్ పాత పుస్తకాల కొట్లో కొన్న డిక్షనరీ ముందు పెట్టుకుని ఒక్కో మాటా విప్పాను. మూడు గంటలు పట్టింది. నాలుగోసారి కూడా అదే అర్థం వచ్చింది. ఇక్కడ దించుతున్నాను.

“కొత్తగా వచ్చిన పొరుగువారికి స్వాగతం. మా ఆయన ట్రామ్ నడుపుతాడు, అర్ధరాత్రి దాటాక ఇంటికి వస్తాడు. పొద్దున ఆరు దాకా సుత్తి పని ఆపగలరా? ఆరు దాటాక ఎంత చేసుకున్నా మాకు ఇబ్బంది లేదు. ఇంట్లో మరమ్మతు పెద్దదైతే చెప్పండి, మా దగ్గర పనిముట్లు ఉన్నాయి.”

ఇంతే. ఇల్లు ఖాళీ మాట ఎక్కడా లేదు. వెనక్కి తిప్పి కూడా చూశాను.

మరి ఖాళీ మాట ఎవరన్నారు? చిన్నాయనను అడిగాను. అప్పట్లో ఇద్దరికీ జర్మన్ అంతంతమాత్రం. నర్సుల్ని ఇక్కడికి తెచ్చిన ఏజెంటు చైతన్యకు ఫోటో పంపారు. అతను బిజీగా ఉండి, చప్పుడు బంద్ చేయండి, లేకుంటే ఇల్లు పోతది అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడట. వీళ్లు నమ్మేశారు. కాలువ తవ్వే కూలీల గుంపులో కాగితం ఏదొచ్చినా మేస్త్రీయే చదివేవాడు. మేస్త్రీ నోట వచ్చిందే కాగితం. కాలువ పని ఎప్పుడో పోయింది, మేస్త్రీ మాత్రం విమానమెక్కి వీళ్ల వెంట వచ్చాడు!

పొద్దున రాసుకున్న నా ఘాటైన చిత్తు జవాబు చించేశాను. నాలుగు పేజీలు. కోపం మాత్రం చిరగలేదు.

సాయంత్రం

చిన్నమ్మ షూ విప్పకముందే చెప్పేశాను. నమ్మలేదు. నీకు మూణ్నెల్ల జర్మన్, నువ్వేం చదివినవే అంది. నేనూ గట్టిగానే అన్నాను. రోజూ అంతమంది ముసలివాళ్ల రిపోర్టులు జర్మన్‌లో రాస్తావు, ఈ ఒక్క కాగితం మళ్లీ తీసి చూడవా అని. ఇల్లు పోతదన్న కాయితం ఎవరు మల్ల ముట్టుకుంటరే, పాము లెక్క అడుగున పెట్టిన అంది.

తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని ఉత్తరం తీసుకుంది. గడగడా చదివింది. నా మూడు గంటల పని ఆమెకు అర నిమిషం. నా తప్పు కూడా పట్టింది: ఉట్టి పనిముట్లు గాదు బిడ్డా, డ్రిల్ మిషన్ గూడ ఇస్తమని రాసింది.

చిన్నాయనకు నవ్వు ఆగలేదు. రొట్టెకు డ్రిల్ మిషనేందే అన్నాడు. చిన్నమ్మ కూడా నవ్వబోయి, ఏడేండ్లు అంది. మళ్లీ అంది. గా తల్లి ముంగట ఏడేండ్లు దొంగ లెక్క మెట్లు దిగిన అని ముఖం తుడుచుకుంది.

చిన్నాయన చైతన్యకు ఫోన్ చేయబోతే చేయనివ్వలేదు. ఆయన్నేమంటవ్, మనకు కండ్లు లేవా అంది. నాకు దీనికీ ఒళ్లు మండింది. ఒక్క తిట్టన్నా తిట్టనీయాలి కదా!

జూన్ 15, ఆదివారం

ఇవాళే రొట్టెలు చేద్దామన్నాను. వద్దు, ఇయ్యాల కిందింటాయనను పండుకోనీ అంది చిన్నమ్మ. రేపు ఆమెకు మధ్యాహ్నం డ్యూటీ. ఆరుంబావుకు మొదలుపెడదాం, మర్యాదగా ఉంటుంది అన్నాను. నన్ను కోపంగా చూసింది. ఆరంటే ఆరే, ఇగ ఒక్క నిమిషం గూడ ఎవ్వరికియ్య అంది.

రేపు ఐదూ యాభైకి పిండి తడపడానికి నీళ్లు పొయ్యి మీద పెట్టాలి. నీళ్లు మరగడం కిందికి వినబడదు.