దేవుడి కుండలో పిడికెడు

శనివారం రాత్రి, టెక్కలి. 1968.

ఈ పని నా చేత్తో చేస్తానని ఎన్నడూ అనుకోలేదు. తుపాను తర్వాత బజారులో బియ్యం లేవు. పలాస దాకా వెళ్లి ఖాళీ సంచితో తిరిగొచ్చాను. దారిలో కనబడ్డ పాత శిష్యులు మాస్టారూ అంటూ లేచి నిలబడ్డారు. వాళ్లని గుప్పెడు బియ్యం ఎలా అడగను?

జ్వరం నుంచి ఇప్పుడే తేరుకుంటున్న మనవరాలు రూతు సాయంత్రం, "ఆకలేత్తంది తాతా" అంది. తల్లి లేని పిల్ల. ఇంట్లో బియ్యం ఉన్నది దేవుడి కుండలోనే. వండిన ప్రతిపూటా పిడికెడు తీసి అందులో వేసి, ఆదివారం చర్చిలో ఇస్తాం. ఎంత ఇబ్బంది వచ్చినా ఆ కుండ ముట్టకూడదని సంఘంలో ఆడవాళ్లందరికీ చెప్పినవాణ్ని నేనే.

"అవే వండెయ్" అన్నాను.

ఇన్నేళ్ల కాపురంలో ఎన్నడూ చూడనట్టు సువార్తమ్మ నా ముఖం చూసింది. "రేపు అందరూ తెత్తారు. మనం ఏటి పట్టుకెల్తామండీ?"

కుండెత్తి నేనే ఎసట్లో వంపబోయాను. తను నా చెయ్యి పట్టుకుని ఆపింది. బియ్యం చేటలో పోసి, కళ్లు మూసుకుని, రోజూలాగే పిడికెడు తీసి మళ్లీ కుండలో వేసింది. మిగిలినవాటితో గంజి కాచింది.

పిల్ల తాగి పడుకుంది. నేను మోకరించాను.

ఇంట్లో ఇక ఉన్నవి ఆ పిడికెడే. తెల్లారితే పిల్ల మళ్లీ ఆకలంటుంది. ప్రభువా, ఆ కుండ తెమ్మని సువార్తమ్మతో మళ్లీ నాచేత అనిపించకు.