ఇప్పపువ్వు ధర మారే రోజు

ఖమ్మం,
3 మార్చి 2006

ప్రియమైన ప్రమీలా,

నువ్వు అక్కడ ములకలపల్లి కొనుగోలు కేంద్రంలో కాటా దగ్గర కూర్చుంటే, నేనిక్కడ మన సహకార సంఘం ఆఫీసులో ఇప్పపువ్వు ధరకు ప్రోగ్రామ్ రాసేశాను. మార్చిలో వచ్చిన పువ్వుకు సీజన్ ధర, ఏప్రిల్ నుంచి మామూలు ధర. తేదీ మారగానే కంప్యూటరే దించేస్తుంది, ఎవరి మొహమాటమూ ఉండదు. సెక్రటరీ భుజం తట్టాడు. నీ మెచ్చుకోలు కూడా పంపిస్తే పుచ్చుకుంటాను.

నీ గణేష్

ములకలపల్లి,
15 మార్చి

ప్రియమైన మీకు,

మెచ్చుకోలు తర్వాత. కాటా మీద ఒక్క పువ్వు పడలేదు. చెట్ల కింద మాత్రం రాలి పడి ఉంది. ఇప్పపూల పండుగ చేయనిదే ఈ ఊళ్లో ఎవరూ పువ్వు ఏరరు. కారేపల్లిలో పెరిగిన మీకు తెలియదు సరే, నన్నొక మాట అడగొచ్చు కదా! పూజారి పోతయ్య తాత చెప్పిన రోజే పండుగ. మొన్న ఆయన భార్య జంపక్క జ్వరంతో పోయింది. పెద్దదినం అయ్యేదాకా ఆయన పూజకు లేవకూడదు. ఇక్కడ ఆ కర్మ నెల తిరిగాక గానీ చేయరు, అంటే ఏప్రిల్‌లోనే.

నిన్న ఊరివాళ్లు ఆయన ఇంటి ముందు చేరారు. "జర జల్దీ దినం కానియ్యి తాతా, నెల దాటితే ధర పడిపోతదట" అన్నారు. వాళ్ల తప్పేముంది, ఆ పువ్వు మీదే బతుకు. ఆయన ఏడవలేదు. నాకు మీ మీద చాలా కోపంగా ఉంది.

ప్రమీల

ఖమ్మం,
20 మార్చి

ప్రియమైన ప్రమీలా,

తిట్టు, పడతాను. ప్రోగ్రామ్‌లో ఆ తేదీ తీసేశాను. ఇక ఏ ఊరి పండుగ ఆ ఊరిదే. నువ్వు పండుగ రోజు చెబితే, అక్కడి నుంచి నాలుగు వారాలు సీజన్ ధర. "సీజన్ ఎప్పుడో కంప్యూటర్‌కే తెల్వదంటే ఎట్లయ్యా?" అని సెక్రటరీ ఎగిరాడు. "పోతయ్య చెప్తడు సార్" అన్నాను. పువ్వే రాకపోతే కొనేదేముందని నచ్చజెబితే, ఈ ఏడాదికి సరేనన్నాడు. నా ఉద్యోగం సంగతి మాత్రం చెప్పలేను. ముందు తాతకు చెప్పు.

నీ గణేష్

ములకలపల్లి,
24 మార్చి

ప్రియమైన మీకు,

ఉత్తరం అందగానే వెళ్లాను. పోతయ్య తాత పందిట్లో కూర్చుని ఉన్నాడు. తొందరేమీ లేదు, నువ్వు పండుగ చేసిన రోజే సీజన్ మొదలు అన్నాను. మళ్లీ చెప్పించుకున్నాడు.

"గా మిషన్ గూడ నా జంపక్క కోసం ఆగుతదా, బిడ్డా?"

"అవ్ తాతా, ఆగుతది" అన్నాను.

జంపక్క పోయిన నాటి నుంచి చుక్క కన్నీరు రాల్చని మనిషి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమన్నాడు. ఊరివాళ్లు ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చున్నారు. పువ్వు మాట ఎవరూ ఎత్తలేదు.

మీ ప్రమీల