కూరగాయల బండిలో కెమెరా

షాంషుయ్‌పో,
మంగళవారం

బంగారు నాన్నకు,

ఫోన్‌లో అరిస్తే నీకు తప్ప చ్యుంగ్‌చౌ దీవి మొత్తానికీ వినబడుతుంది. అందుకే ఉత్తరం.

మీ అల్లుడి పాత సినిమాల పిచ్చి తెలుసుగా. పేర్లు కూడా ఎవరికీ గుర్తులేని దొంగల సినిమాలు. హీరో ముఖాన మొటిమలు, గోడల నిండా చెమ్మ, బొమ్మ నిండా గీతలు. "ఏముందయ్యా ఇందులో?" అంటే, "వీధి నిజం, చెమట నిజం. డబ్బుల్లేక, అనుమతి లేకుండా, కూరగాయల బండిలో కెమెరా దాచి తీసేవాళ్లు. జనం నిజంగానే జడుసుకునేవాళ్లు" అంటాడు. ఆదివారం ఇంట్లో డిస్క్ వేసి బలవంతంగా ఒకటి చూపించాడు. బంగారం కొట్లోంచి తుపాకులతో ఇద్దరు బయటికొచ్చారు. అది మన వీధి నాన్నా. ఆ రోజే.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. తుపాకి పేలగానే నా చెయ్యి వదిలేసి మాయమయ్యావు. కొట్టు ముందు ఒక్కదాన్నే నిలబడి ఏడ్చాను. అది సినిమా అని తెలిసి అందరూ నవ్వుకున్నాక, రొప్పుతూ తిరిగొచ్చావు. ఎక్కడికెళ్లావో చెప్పకుండానే నన్ను ఇంటికి తీసుకెళ్లావు. ప్రాణం మీదికొస్తే మా నాన్న నన్ను వదిలేస్తాడని నలభై ఏళ్లు లోపలే పెట్టుకున్నాను. పెళ్లిలో దీవెన కోసం ఆచారంగా నీకు టీ అందిస్తూ కూడా నీ కళ్లలోకి చూడలేదు.

సినిమాలో ఏముందో తెలుసా? జనం తోసుకోవడంతో మన చేతులు విడిపోయాయి. నువ్వు గిర్రున తిరిగి, నీలం యూనిఫాం, రెండు జడల పిల్లని చంకనేసుకుని, నీ వీపు తుపాకికి అడ్డంపెట్టి పరుగెత్తావు. ఆ పిల్ల నేను కాదు, నాలాగే తయారైన ఇంకెవరో! పైగా నీ చెవి కొరుకుతోంది. పదిసార్లు వెనక్కి తిప్పి చూశాను. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చక్కగా సెట్ వేసి తీసుంటే అందులో మనం ఉండేవాళ్లమా? ఎందుకు చెప్పలేదు నాన్నా?

నీ
లాయ్‌క్వాన్

చ్యుంగ్‌చౌ,
శుక్రవారం

నా పిచ్చితల్లీ,

ఎలా చెప్పనే? కన్నకూతుర్ని గుర్తుపట్టలేని తండ్రినని నా నోటితో చెప్పుకోనా? సందు మలుపు తిరిగాక ఆ పిల్ల "నువ్వెవరయ్యా?" అని కెవ్వుమంది. వాళ్ల అమ్మమ్మకి అప్పగిస్తే ఆవిడ గొడుగుతో రెండు తగిలించింది. చెవి మీద గాటేమిటని మీ అమ్మ అడిగితే కుక్క కరిచిందన్నాను. నువ్వు అంతా చూశావనీ, అందుకే ముఖం తిప్పుకుంటున్నావనీ అనుకున్నాను. పారిపోయాననుకుంటున్నావని తెలిస్తే సిగ్గు పక్కనపెట్టి ఆ పూటే చెప్పేవాణ్ణి.

నీ ఉత్తరం చదివి రెండు గిన్నెల చేపల జావ తాగాను. ఎన్నాళ్లకో ఆకలేసింది.

ఆదివారం పడవకి వస్తున్నా. ఆ సినిమా సిద్ధంగా ఉంచమని అల్లుడికి చెప్పు. రేవులో జనం ఎక్కువ, ఈసారి చెయ్యి నువ్వు పట్టుకో. ముసలాళ్లందరం ఒకేలా ఉంటాం, ముఖం చూసి మరీ పట్టుకో.

మీ నాన్న